ప్రశ్నలూ జవాబులూ: ప్లాంటు కట్టాక పని ఎవరికి మిగులుతుంది?

పోయిన నెల ఈ శీర్షికలో ఒకే పరిశ్రమను నమ్ముకున్న నగరాల గురించి రాశాను. మిల్లు మూతపడితే, గని అడుగంటితే ఊరు మొత్తం ఎలా కుదేలవుతుందో చెప్పి, ఇంధన రంగం ఒక దారి కావచ్చని చివర్లో ఒక్క మాట అన్నాను. ఉత్తరాలన్నీ ఆ ఒక్క మాట మీదే వచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరు షాపులో పనివాడిగా మొదలుపెట్టి పాతికేళ్లు ఆ రంగంలోనే గడిపినవాణ్ణి కాబట్టి ఈసారి జాగా మొత్తం దీనికే ఇస్తున్నాను. పేరు వేయొద్దని అడిగినవాళ్లే ఎక్కువ, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: నేను నగరపాలక సంస్థలో సభ్యుణ్ణి. మాకున్న ఒకే ఒక్క పెద్ద ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఒక కంపెనీ వచ్చి సోలార్ పార్కు పెడతాం, వందల ఎకరాలు ఇవ్వండి అంటోంది. జనం ఉద్యోగాలు వస్తాయని ఆశపడుతున్నారు. వస్తాయా?

కట్టేటప్పుడు వస్తాయండీ. కట్టాక చాలావరకు పోతాయి. ముందు ఈ సంగతి మీ జనానికి సూటిగా చెప్పేయండి, తర్వాత మాట పడకుండా ఉంటారు.

సోలార్ పార్కుకు ఒక్కో మెగావాటుకు సుమారు నాలుగైదు ఎకరాలు పడుతుంది. అంటే 100 మెగావాట్లంటే నాలుగైదు వందల ఎకరాలు. నేల చదును చేయడం, స్తంభాలు దించడం, ప్యానెళ్లు బిగించడం, కేబుళ్లు లాగడం, ఇవన్నీ జరిగే ఏడాది ఏడాదిన్నర వందలమందికి చేతినిండా పని ఉంటుంది. ఆ తర్వాత మిగిలేవి ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా, ప్యానెళ్ల కరెంటును లైన్లకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్లు చూసుకోవడం. ఇవన్నీ కలిపినా మిగిలే ఉద్యోగాలు పదుల్లోనే. కరెంటు తీగల మీద ఎటో పోతుంది, లాభం కంపెనీ పెట్టుబడిదారులకు పోతుంది, మీకు అద్దె, పన్ను మిగులుతాయి. అవీ మంచివే, కాదనను, కానీ మూతపడిన ఫ్యాక్టరీకి బదులు ఇది వచ్చింది అని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

అందుకే వాళ్లతో మాట్లాడేటప్పుడు ఎన్ని మెగావాట్లు అన్నది పక్కన పెట్టి, ఆరో ఏడాదిలో ఇక్కడ జీతం తీసుకునేవాళ్లు ఎంతమంది, వాళ్లు చేసే పనేమిటి అని అడగండి. ఇన్వర్టర్ పాడైతే బాగుచేసేది ఎక్కడ? స్పేర్ పార్టుల గోడౌన్ ఎక్కడ? ప్యానెళ్లు బిగించే స్టాండ్లు ఎవరు కొడతారు? వాటి జవాబుల్లో మీ ఊరి పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకోండి.

ఇంకో దారి కూడా చూడండి. ఆస్ట్రియాలో, హంగరీ సరిహద్దు పక్కన, గ్యుస్సింగ్ అని నాలుగు వేలమంది ఉండే చిన్న పట్నం ఉంది. ఫ్యాక్టరీల్లేవు, రైలు లేదు, పని కోసం జనం వారమంతా బయట ఉండి శనాదివారాలు ఇంటికొచ్చేవాళ్లు. అక్కడి పాలకమండలి మొదట చేసింది ఒక లెక్క. చమురుకు, గ్యాసుకు, కరెంటుకు ఊరు మొత్తం కలిపి ఏటా బయటికి కడుతున్నదెంత అని చూస్తే, యూరోల్లో చెప్పాలంటే దాదాపు 60 లక్షలు. చుట్టూ అడవి, కొట్టే దిక్కులేక కుళ్లిపోతున్న కట్టె, మరోపక్క ఇంత డబ్బు చిల్లుకుండలో నీళ్లలా కారిపోతోంది. శిలాజ ఇంధనాలు వదిలేద్దామని 1990లో తీర్మానం చేశారు. వెంటనే ప్లాంటు కట్టలేదు. ముందు సొంత భవనాల్లో దుబారా ఆపి ఇంధన ఖర్చును దాదాపు సగానికి తెచ్చారు, తర్వాత కట్టెతో నీళ్లు కాచి ఇళ్లకు పైపుల్లో పంపే ఏర్పాటు చేశారు, 2001లో కట్టెను గ్యాసుగా మార్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. చవకగా వేడి దొరుకుతోందని చెక్క ఫ్లోరింగ్ చేసే కంపెనీలు వచ్చాయి, వాటి పొట్టూ ముక్కలూ మళ్లీ ఇంధనమయ్యాయి.

రెండో సగం కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి రాసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆ కరెంటు ప్లాంటు 2016లో మూతపడింది. ప్రభుత్వం ఇచ్చిన ప్రత్యేక ధర గడువు తీరింది, కట్టె ధర పెరిగింది, గిట్టుబాటు కాలేదు. అయినా మీరు చేయగలిగిన మొదటి పని గ్యుస్సింగ్ చేసిన మొదటి పనే. ఊరు ఇంధనానికి ఏటా కడుతున్న డబ్బు లెక్క తీయండి. దానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: నిజంగా ఇలా మారిన నగరం ఏదైనా ఉందా, లేక ఇవన్నీ సెమినార్లలో చెప్పుకునే మాటలేనా? (ఆర్థికశాస్త్రం లెక్చరర్)

ఉన్నాయి సార్. డెన్మార్క్‌లోని ఎస్బ్యేర్ నాకు బాగా నచ్చిన ఉదాహరణ. 1868లో రేవు కోసమే పుట్టిన ఊరు. ఒకప్పుడు దేశంలో అతి పెద్ద చేపల పడవల రేవు. 1970లలో ఉత్తర సముద్రంలో చమురు పడ్డాక, సముద్రంలోని ప్లాట్‌ఫారాలకు సామాను, మనుషులను చేరవేసే పనిలోకి దిగింది. చేపలు తగ్గాయి. 2002లో హార్న్స్ రెవ్ అనే చోట సముద్రంలో 80 గాలిమరలు, 160 మెగావాట్లు, నిలబెట్టినప్పుడు అవి బయల్దేరింది ఇక్కడి నుంచే. ఆ రోజుల్లో సముద్రంలో అంత పెద్దది లేదు. నాకు నచ్చినది ఏమిటంటే, ఒకదాన్ని వదిలేసి ఇంకోదానికి గెంతలేదు. అలల్లో క్రేన్ నడపడం, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చూడటం, తుపాను ముందు పడవ వెనక్కి తిప్పాలా వద్దా అని తేల్చుకోవడం, ఈ పనితనమంతా చేపల నుంచి చమురుకూ చమురు నుంచి గాలికీ వాళ్ల వెంటే వచ్చింది.

ఇంగ్లాండ్‌లో హల్ నగరం కథ ఇంకాస్త బాధగా మొదలవుతుంది. 1976లో ఐస్‌లాండ్‌తో చేపల గొడవ ముగిసి, ఆ దేశం తన తీరం చుట్టూ 200 మైళ్ల హద్దు గీసుకోవడంతో హల్ నుంచి దూరం వెళ్లే పడవలకు వేట లేకుండా పోయింది. ఆ దెబ్బ నుంచి ఊరు దశాబ్దాలు తేరుకోలేదు. పాత రేవు జాగాలో సీమెన్స్, రేవు యజమానులు కలిసి 31 కోట్ల పౌండ్లు పెట్టి గాలిమర రెక్కల ఫ్యాక్టరీ కట్టారు, 2016 డిసెంబర్‌లో తెరిచారు. సుమారు వెయ్యిమందికి పని.

అక్కడే ఎందుకు పెట్టారన్నదే అసలు విషయం. మొదట్లో చేసిన రెక్కల పొడవు 75 మీటర్లు. అంత పొడవు వస్తువు రోడ్డు మలుపుల్లో తిరగదు, కాబట్టి చేసేచోటే ఓడ ఎక్కించాలి. చేసే తీరు కూడా చూడండి. పడవ పొట్టలాంటి పెద్ద అచ్చులో ఫైబర్ గ్లాస్ బట్టను పొర మీద పొర చేత్తో పరుస్తారు, మధ్యలో బాల్సా చెక్క పలకలు పేరుస్తారు, ముడత పడకూడదు. ఎందుకంటే ముడత పడ్డచోటే రేపు పగులు పుడుతుంది. తర్వాత అచ్చు మూసి గాలి మొత్తం లాగేసి రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) ఎక్కిస్తారు. ఆ పొరలు సాపుగా పరిచేది మనిషి చెయ్యే. ఆ చెయ్యి ఊళ్లో తయారయ్యాక కంపెనీకి ఇంకో ఊరికి వెళ్లడం తేలిక కాదు.

అదే సోలార్ ప్యానెల్ చూడండి, కంటెయినర్లో సర్దితే ఏ రేవుకైనా పోతుంది. అందుకే ఎవరు చవకగా చేస్తే పని అక్కడికే పోయింది. ప్యానెల్ తయారీలోని ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతం దాటిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో చెప్పింది. ప్యానెళ్ల ఫ్యాక్టరీ కోసం భూమీ, సబ్సిడీలూ కుమ్మరించే నగరాలను చూస్తే నాకు భయమేస్తుంది.

రేవు ఉంటే చాలా అంటే చాలదు. జర్మనీలో బ్రేమర్‌హాఫెన్‌కూ రేవుంది, ఓడల పని తెలిసిన మనుషులున్నారు, గాలిమరల ఫ్యాక్టరీలు వచ్చి వేలమందికి పని కూడా దొరికింది. తర్వాత ఆర్డర్లు తగ్గాయి, కొన్ని కంపెనీలు దివాలా తీశాయి, కొన్ని మూసేసుకుని వెళ్లాయి, బరువైన సామాను ఎక్కించడానికి కట్టాలనుకున్న కొత్త రేవు కోర్టుల్లో చిక్కుకుంది. సీమెన్స్ 2015లో తన ఫ్యాక్టరీ కోసం బ్రేమర్‌హాఫెన్‌ను కాదని, దానికి దగ్గర్లోనే ఉన్న కుక్స్‌హాఫెన్‌ను ఎంచుకుంది. నగరం తప్పు చేసిందని నేననను. ఆర్డర్లు ఏడాదికేడాది ఆగకుండా వస్తాయన్న భరోసా ప్రభుత్వం వైపు నుంచి లేకపోతే, నగరం ఎంత కష్టపడినా ఇలాగే అవుతుంది.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకండీ, చమురో గ్యాసో పడితే ఆ నగరం దశ తిరిగినట్టే కదా! (రిటైరైన మిల్లు కార్మికుడు)

పెద్దాయనా, మీరు మిల్లులో పనిచేసినవారు, మీకు ఈ బాధ నాకంటే బాగా తెలుసు. ఒక్క మిల్లు మీద బతికినా ఒక్క చమురు మీద బతికినా కష్టం ఒకలాగే వస్తుంది. అమెరికాలో హ్యూస్టన్ 1980ల మొదట్లో ఎలా వెలిగిందో! చమురు ధర జారడం మొదలై 1986లో బ్యారెల్ పది డాలర్ల దగ్గరికి పడింది. 1982 నుంచి 1987 లోపల ఆ నగరం రెండు లక్షలకు పైగా ఉద్యోగాలు పోగొట్టుకుంది. జనం అప్పు కట్టలేక ఇళ్లు బ్యాంకులకు వదిలేసి వెళ్లిపోయారు. తర్వాత ఆ ఊరు ఆసుపత్రులు, వైద్య పరిశోధన, రేవు మీద గట్టిగా నిలబడింది.

స్కాట్లాండ్‌లో అబర్డీన్‌ది కూడా అదే. 2014 మధ్యలో వంద డాలర్ల పైనున్న ధర 2016 జనవరిలో ముప్పైకి దిగువకు వచ్చేసరికి ఉద్యోగాలూ పడ్డాయి, ఇళ్ల ధరలూ పడ్డాయి. అయితే అబర్డీన్ దగ్గర ఒక ఆస్తి ఉంది. సముద్రం అడుగున పైపులు వేయడం, వాల్వులు బిగించడం, రోబోలతో రిపేర్లు చేయడం వాళ్లు నేర్చుకున్నారు, ఆ పని ప్రపంచమంతా కావాలి. నేల కింది చమురు ఒకనాటికి అయిపోతుంది. పనితనం అలా కాదు, వాడేకొద్దీ పెరుగుతుంది. పడితే సంతోషమే పెద్దాయనా, కానీ దాని ఆదాయంలో కొంత ముందునుంచీ వేరే పనులు నేర్పడానికి తీసిపెట్టాలి. బాగున్న రోజుల్లో ఆ మాట ఎవరూ వినరు, నాకున్న దిగులదే.

ప్రశ్న: నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్ ఉంది, పద్నాలుగు మంది పనిచేస్తారు. గేట్లు, ట్యాంకులు, షెడ్లు చేస్తాం. ఇంధన రంగం అంటే పెద్ద కంపెనీలదే అనిపిస్తుంది. మాలాంటివాళ్లకు చోటుందా?

అమ్మా, ఉంది. మీలాంటి వర్క్‌షాపులు పది ఉన్న నగరంలోనే ఈ పరిశ్రమ నిలబడుతుందని నా గట్టి నమ్మకం.

నాకు తెలిసిన పని గురించే చెబుతాను. ప్రపంచమంతా ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లకు కరువు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డరిస్తే రెండు మూడేళ్లు ఆగాల్సిన పరిస్థితి. కాబట్టి కాలిపోయినదాన్ని పారేయకుండా బాగుచేసి వాడుకునేవాళ్లు పెరిగారు. షాపులో మేం చేసేది ఇదీ: మూత విప్పి నూనె తోడేసి, కాలిన కాయిల్ తీసి, కాగితం చుట్టిన రాగి తీగతో కొత్త కాయిల్ చుడతాం. ఆ కాగితం గాలిలోని తేమ పీల్చుకుంటుంది, తేమ ఉంటే మళ్లీ కాలిపోతుంది, అందుకని కాయిల్ మొత్తాన్ని ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టాలి. నూనె ఫిల్టర్ చేశాక చిన్న గిన్నెలో పోసి, రెండున్నర మిల్లీమీటర్ల ఎడంలో పెట్టిన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజ్ పెంచుకుంటూ పోతాం. ఎన్ని కిలోవోల్టుల దగ్గర నిప్పురవ్వ దూకిందో అదే నూనె నాణ్యత. తొందరలో ఎండబెట్టడం సగంలో ఆపితే ఏమవుతుందో నేను కొత్తలో ఒకసారి చూశాను, బాగుచేసి పంపింది నెల తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఆ రోజు మా మేస్త్రి తిట్టలేదు, నా చేతే మళ్లీ మొదటినుంచి చుట్టించాడు.

ఇందులో మీ పని ఎక్కడంటారా? ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు అంటే రేకు వెల్డింగే కదమ్మా, నూనె చుక్క కూడా కారకూడదు, అంతే తేడా. రేడియేటర్లు, ప్యానెళ్ల స్టాండ్లు, కేబుల్ ట్రేలు, బ్యాటరీ ర్యాకులు, అన్నీ మీ చేతిలో ఉన్న విద్యే. చిన్న వర్క్‌షాపులు బయటే ఆగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గర. వెల్డర్‌కు పరీక్ష పాసైన సర్టిఫికెట్, ఉక్కుకు టెస్ట్ సర్టిఫికెట్, గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా వేసే జింకు పూత) మందం కొలిచిన రికార్డు, ఏ రోజు ఏ జాయింట్ ఎవరు వేశారో రాసిన పుస్తకం. ఇవి లేక మంచి పనివాళ్లు కూడా టెండర్లో ఆగిపోతారు. మీ పక్కనున్న వర్క్‌షాపులతో కలిసి ఒక టెస్టింగ్ ల్యాబ్ పెట్టించమని నగరపాలక సంస్థను, కాలేజీలను అడగండి. నగరం పెట్టే డబ్బుల్లో ఇంతకంటే మంచి ఖర్చు నాకు తోచడం లేదు.

రిపేరు పని చిన్నదని అనుకోకండి. పైన చెప్పిన హార్న్స్ రెవ్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు ఇబ్బంది పెట్టడంతో 2004లో 80 గాలిమరల తలలనూ విప్పి ఒడ్డుకు తెచ్చి బాగుచేయాల్సి వచ్చింది. అంత పని పడినప్పుడు దగ్గర్లో చేతులు లేకపోతే ఎలా?

ప్రశ్న: ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదువుతున్నాను. సోలార్ కోర్సు చేయాలా, బ్యాటరీలా, గాలిమరలా? టెన్షన్‌గా ఉంది.

తమ్ముడూ, కంగారు పడకు. ఎలక్ట్రికల్ పునాది గట్టిగా పట్టు. హై వోల్టేజ్ భద్రత, కేబుల్ జాయింటింగ్, రిలే టెస్టింగ్ (లైన్లో తేడా వస్తే కరెంటు ఆపించే పరికరాల పరీక్ష) నేర్చుకో. వీటికి అన్నిచోట్లా పనుంటుంది, సోలార్ పోయి ఇంకోటి వచ్చినా నువ్వు ఉంటావు. ఒక్క బ్రాండు ఇన్వర్టర్ మాత్రమే తెలిసిన సర్టిఫికెట్‌కు ఎక్కువ డబ్బు పోయకు.

ప్రశ్న: ఒక పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ వస్తే నగరం దశ తిరుగుతుంది అంటున్నారు. మీరేమంటారు?

స్వీడన్ ఉత్తరాన షెలెఫ్టియో అనే నగరం ఉంది. చవకైన జలవిద్యుత్తు ఉందని నార్త్‌వోల్ట్ కంపెనీ అక్కడ భారీ బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టింది, 2021 డిసెంబర్‌లో మొదటి సెల్ బయటికొచ్చింది. ఎక్కడెక్కడి నుంచో మనుషులు కుటుంబాలతో వచ్చారు, ఇళ్లు, బళ్లు కట్టారు. కానీ అనుకున్న వేగంతో, అనుకున్న నాణ్యతతో సెల్స్ తీయడం కుదరలేదు. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డర్ రద్దు చేసుకుంది, 2025 మార్చిలో నార్త్‌వోల్ట్ స్వీడన్‌లో దివాలా ప్రకటించింది. ఉద్యోగం మీదే వీసా ఆధారపడిన విదేశీ కార్మికుల సంగతి ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

అంతకుముందు జర్మనీలో, బిట్టర్‌ఫెల్డ్ పక్కన, క్యూ సెల్స్ అనే కంపెనీ 2008లో ప్రపంచంలోనే అతి పెద్ద సోలార్ సెల్స్ తయారీదారు. 2012 ఏప్రిల్‌లో దివాలా. మధ్యలో నాలుగేళ్లే!

ఫ్యాక్టరీ వద్దని నేననను. షెలెఫ్టియోకు గనుల లోహం కరిగించే పాత కర్మాగారం ఉంది, నగరపాలక సంస్థ సొంత విద్యుత్ కంపెనీ ఉంది, ఊరికి ఆ ఆసరా మిగిలింది. మీ ఊళ్లో అలాంటి ఆసరా లేకుండా, నగరం తన పేరు మీద అప్పు చేసి రోడ్లూ నీళ్లూ కాలనీలూ ఒక్క కంపెనీ కోసం కట్టేస్తుంటే మాత్రం గట్టిగా అడ్డుపడండి. కంపెనీ పని మొదలైనకొద్దీ విడతలుగా కట్టమనండి. శిక్షణ మీద పెట్టే డబ్బు కాలేజీకి ఇవ్వండి, కంపెనీ వెళ్లిపోయినా కాలేజీ ఉంటుంది.

ప్రశ్న: హైడ్రోజన్?

ముందు కొనేవాళ్లను చూపించండి. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పోతుంది, తిరిగొచ్చేది 33 యూనిట్ల విలువ. పక్కనే ఎరువుల ఫ్యాక్టరీయో రిఫైనరీయో ఉండి, ఇప్పటికే రోజూ హైడ్రోజన్ వాడుతుంటే ఆలోచించండి. లేకపోతే ఇప్పుడే వద్దు.

ప్రశ్న: మాకు సముద్రం లేదు, గాలి లేదు, గనుల్లేవు. పెద్ద కంపెనీలు మా వైపు చూడవు. మాలాంటి నగరం ఏం చేయాలి?

మీ ఊళ్లో భవనాలు ఉన్నాయి కదండీ, వాటికి చల్లదనమో వేడో కావాలి కదా. ఇంధనంలో పెద్ద భాగం పోయేది అక్కడే. ఆ పని ఎక్కడికో ఓడెక్కి పోదు, ఎవరింటి గోడకు ఆ ఇంటి దగ్గరే పని చేయాలి.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో 1930లో మూడు కిలోమీటర్ల పైపు వేసి ఊటల వేడినీళ్లను ఒక బడికి, ఒక ఆసుపత్రికి, ఈత కొలనుకి, అరవై ఇళ్లకి ఇచ్చారు. అంత చిన్నగా మొదలైంది. దాదాపు యాభై ఏళ్లు ఆ పని చేసి చేసి, 1978లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం తరఫున ఇతర దేశాల ఇంజినీర్లకు భూమి లోపలి వేడిని వాడుకునే పని నేర్పే కేంద్రం అక్కడే పెట్టారు. కోపెన్‌హాగన్‌లో భవనాలకు కావాల్సిన వేడిలో దాదాపు 98 శాతం వీధుల కింద పైపుల్లోనే వస్తుంది. పారిస్‌లో 1991 నుంచి సెయిన్ నది నీటి సాయంతో చల్లటి నీళ్లు తయారుచేసి భవనాలకు పంపుతున్నారు, లూవ్ర్ మ్యూజియం కూడా ఆ చల్లదనమే వాడుకుంటుంది.

వేడినీళ్ల పైపు ఒకటి కోసి చూపిస్తే మీకు అర్థమవుతుంది. లోపల ఉక్కు గొట్టం, చుట్టూ ఫోమ్, పైన ప్లాస్టిక్ తొడుగు. ఆ ఫోమ్‌లో రెండు సన్నటి రాగి తీగలు పైపు పొడవునా నడుస్తాయి. ఎక్కడైనా నీరు చెమ్మగిల్లి ఫోమ్ తడిస్తే ఆ తీగల్లో రీడింగ్ మారుతుంది, ఎన్ని మీటర్ల దూరంలో తడిసిందో ఆఫీసులో కూర్చునే చెప్పొచ్చు. తర్వాత ఒక జట్టు బయల్దేరి వెళ్లి, ఆ వీధి తవ్వి, ఆ జాయింట్ విప్పి, ఉక్కును మళ్లీ వెల్డ్ చేసి, తీగలు కలిపి, ఫోమ్ నింపి మూసేయాలి. ఆ జట్టు మీ ఊళ్లోనే ఉండాలి, రాత్రి రెండు గంటలకు ఫోన్ వచ్చినా వెళ్లాలి.